లినక్స్ లాప్‌టాప్‌లో రెండు గ్రాఫిక్స్ చిప్‌లు: పని పడితే లేవాలి, లేకపోతే పడుకోవాలి

ఒడిశాలో పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, బరంపురం వైపు మనవాళ్ల దగ్గర్నుంచి ఈ విషయంలో వచ్చే ఫోన్లు రెండే రకాలు. "అన్నా, ఎన్‌విడియా కార్డుందని కొన్నాను, లినక్స్‌లో అసలు కదలడం లేదు" అనేది ఒకటి. "కార్డు బానే నడుస్తోంది గానీ, కరెంటు పోయాక గంట కూడా నిలవడం లేదు" అనేది రెండోది. రెండూ వేరు వేరు జబ్బులు అనుకుంటారు. కాదు. ఒకే పనిని మధ్యలో ఎక్కడో ఆపేస్తే, ఆపిన చోటును బట్టి ఒకరికి మొదటిది, ఇంకొకరికి రెండోది వస్తుంది.

ఈ లాప్‌టాప్‌లలో ప్రాసెసర్‌లోనే ఒక చిన్న గ్రాఫిక్స్ చిప్ ఉంటుంది, ఇంటెల్‌దో ఏఎండీదో. స్క్రీన్ దాని చేతిలో ఉంటుంది. పక్కన పెద్ద ఎన్‌విడియా కార్డు విడిగా ఉంటుంది. బరువైన పని వస్తే అది లేచి బొమ్మ గీసి చిన్నదానికి అందిస్తుంది, చిన్నది దాన్ని స్క్రీన్ మీద చూపిస్తుంది. ఇంట్లో ఇన్వర్టర్, పెళ్లికి జనరేటర్ లాంటి ఏర్పాటు. జనరేటర్ తిరగడమే కాదు, పెళ్లి అయ్యాక ఆగడం కూడా ముఖ్యం. చాలామంది తిరిగిందని చూసి అక్కడితో వదిలేస్తారు.

కింద చెప్పేది ఉబుంటు 24.04, లినక్స్ మింట్ 22 వాడేవాళ్ల కోసం. మొదటిసారి చేసేవాళ్లకు నేను మింట్‌నే చెప్తాను, డ్రైవర్ పని అందులో తేలిక.

కమాండ్‌లను ఫోన్‌లో చెప్పినట్టే, పలికే తీరులో రాశాను. టెర్మినల్‌లో ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో కొట్టండి. గీత ఉన్నచోట గీత, ఖాళీ ఉన్నచోట ఖాళీ. స్పెల్లింగ్ మీద అనుమానం ఉంటే మొదటి నాలుగైదు అక్షరాలు కొట్టి ట్యాబ్ నొక్కండి, మిగతాది అదే పూర్తి చేస్తుంది. తెలుగు, ఒడియా కీబోర్డులు రెండూ పెట్టుకున్నవాళ్లు ముందు ఇంగ్లిష్‌కి మార్చుకోండి. సిస్టమ్ భాషను కూడా ఈ పని అయ్యేదాకా ఇంగ్లిష్‌లోనే ఉంచితే మెనూలు నేను చెప్పే పేర్లతోనే కనిపిస్తాయి.

1. మీ దగ్గర ఏ కార్డు ఉందో తెలుసుకోవడం

టెర్మినల్ తెరిచి "ఎల్ఎస్‌పీసీఐ" అని కొట్టండి. పొడుగాటి జాబితా వస్తుంది. అందులో "వీజీఏ" అని గానీ "త్రీడీ కంట్రోలర్" అని గానీ ఉన్న వరుసలు వెతకండి. హైబ్రిడ్ లాప్‌టాప్, అంటే ఇలా రెండు చిప్‌లున్నది అయితే అలాంటివి రెండు ఉండాలి. ఎన్‌విడియా వరుస మొదట్లో 01:00.0 లాంటి అంకె ఉంటుంది. దాన్ని కాగితం మీద రాసుకోండి, ఎనిమిదో మెట్టులో కావాలి.

తర్వాత కార్డు ఏ తరానిదో చూడాలి. సెకండ్ హ్యాండ్‌లో కొన్నవాళ్లకు ఇదే అసలు సంగతి.

- జీటీఎక్స్ 16 వరుస, ఆర్‌టీఎక్స్ 20, ఆ తర్వాతవి: ట్యూరింగ్ తరం, దాని తర్వాతివి. కార్డు తనంతట తాను పూర్తిగా ఆగిపోయే సదుపాయం వీటికే ఉంది.
- 940ఎంఎక్స్, ఎంఎక్స్130, ఎంఎక్స్150, జీటీఎక్స్ 1050 లాంటివి: మ్యాక్స్‌వెల్, పాస్కల్ తరాలు. పనిచేస్తాయి, కానీ తమంతట తాము పూర్తిగా ఆగవు. 2025లో వచ్చిన 580 సిరీస్ డ్రైవరే వీటికి చివరిది.
- అంతకన్నా పాత కెప్లర్ కార్డులు: 470 సిరీస్‌తో ఆగిపోయాయి. వీటి కోసం పెద్దగా కష్టపడకండి. చిన్న చిప్‌తోనే వాడుకోవడం మేలు.
- ఆర్‌టీఎక్స్ 50 వరుస: వీటికి "ఓపెన్" అని పేరు చివర ఉన్న డ్రైవరే వేయాలి. మామూలుది ఈ కార్డుల్ని గుర్తించదు.

2. మొదలుపెట్టే ముందు

డ్రైవర్ డౌన్‌లోడ్ కొన్ని వందల ఎంబీ ఉంటుంది. గజపతి జిల్లా కొండల్లో మొబైల్ డేటా మీద ఆధారపడేవాళ్లు సిగ్నల్ నిలకడగా ఉండే చోట కూర్చుని చేయండి. డౌన్‌లోడ్ మధ్యలో తెగితే ఏమీ కాదు, మళ్లీ మొదలుపెట్టుకోవచ్చు. ఇన్‌స్టాల్ అవుతుండగా మిషన్ ఆగిపోతేనే తలనొప్పి.

- బ్యాటరీ సగానికి పైగా ఉండాలి, ఛార్జర్ కూడా పెట్టి ఉండాలి.
- సిస్టమ్ అప్‌డేట్‌లన్నీ పూర్తిచేసి ఒకసారి రీస్టార్ట్ చేయాలి. పాత కెర్నల్ (లినక్స్‌కి గుండెకాయ లాంటి భాగం) మీద కొత్త డ్రైవర్ వేసి, ఆ వెంటనే కెర్నల్ మార్చడం అనవసరపు గొడవ.
- మింట్‌లో టైమ్‌షిఫ్ట్ ఉంటుంది, ఏదైనా చెడితే సిస్టమ్‌ను పాత స్థితికి తిప్పేది. దానితో ఒక స్నాప్‌షాట్ తీసుకోవాలి. ఉబుంటు వాళ్లు దాన్ని ఇన్‌స్టాల్ చేసుకోవచ్చు.
- గతంలో బంబుల్‌బీ లాంటివి (రెండు చిప్‌ల కోసం వాడిన పాత ప్రోగ్రాం) వేసి ఉంటే తీసేయాలి. దాని కాలం అయిపోయింది, ఇప్పుడు అడ్డమే.
- ఎన్‌విడియా సైట్ నుంచి "డాట్ రన్" ఫైల్ దించుకుని ఉంటే దాన్ని చెరిపేయండి. మీ డిస్ట్రో, అంటే ఉబుంటు గానీ మింట్ గానీ ఇచ్చే డ్రైవరే వేయాలి. డాట్ రన్‌తో వేసింది కెర్నల్ మారినప్పుడల్లా విరిగే ప్రమాదం ఉంది. దాన్ని మీద నుంచి ఇంకో డ్రైవర్‌తో కప్పితే రెండూ కలిసి కొట్టుకుంటాయి.

ఇంకొకటి, తరచూ ఎవరూ చూడనిది. లినక్స్ వేసేటప్పుడు స్క్రీన్ నల్లబడిందని "సేఫ్ గ్రాఫిక్స్" గానీ "కంపాటిబిలిటీ మోడ్" గానీ ఎంచుకున్నారా? అయితే "నోమోడ్‌సెట్" అనే మాట బూట్ సెట్టింగుల్లో మిగిలిపోయి ఉండొచ్చు. అది ఉన్నంతకాలం చిన్న చిప్ సరిగ్గా పనిచేయదు, హైబ్రిడ్ మాట తర్వాత సంగతి. డ్రైవర్ వేశాక "ఈటీసీ" ఫోల్డర్‌లో "డీఫాల్ట్" లోపల ఉన్న "గ్రబ్" ఫైల్ తెరిచి ఆ మాట తీసేసి, "సుడో అప్‌డేట్-గ్రబ్" కొట్టండి.

3. బయాస్‌లో ఒక చూపు

గేమింగ్ లాప్‌టాప్‌లలో బయాస్ (లినక్స్ మొదలవకముందు తెరిచే మిషన్ సెట్టింగులు) లోపల గ్రాఫిక్స్ మోడ్ అని ఒక వరుస ఉంటుంది: "హైబ్రిడ్" లేదా "స్విచబుల్" ఒకటి, "డిస్క్రీట్" ఇంకొకటి. డిస్క్రీట్‌లో ఉంటే చిన్న చిప్ లినక్స్‌కి కనపడదు, మొదటి మెట్టులో ఒక్క వరుసే వస్తుంది. హైబ్రిడ్‌కి మార్చండి. ఆ వరుసే లేకపోతే మీది చాలావరకు హైబ్రిడ్డే, ముందుకు వెళ్లండి.

సెక్యూర్ బూట్‌ను (నమ్మకం లేని డ్రైవర్లను అడ్డుకునే బయాస్ సెట్టింగు) ఆపేయమని చాలామంది సలహా ఇస్తారు. ఆపాల్సిన అవసరం లేదు. ఐదో మెట్టు చదివి చేస్తే అది ఉండగానే అంతా నడుస్తుంది. విండోస్ కూడా పక్కన ఉన్నవాళ్లు అసలు కదపకపోవడమే మంచిది.

4. డ్రైవర్ వేయడం

మింట్‌లో "డ్రైవర్ మేనేజర్", ఉబుంటులో "అడిషనల్ డ్రైవర్స్" తెరవండి. ఎన్‌విడియా పేరుతో ఐదారు వరుసలు కనిపిస్తాయి. చూడగానే కంగారు పుడుతుంది. ఎంపిక మాత్రం సులువే:

- "రికమెండెడ్" అనో "టెస్టెడ్" అనో ఉన్నదాన్ని తీసుకోండి.
- "సర్వర్" అని పేరులో ఉన్నది వద్దు.
- "నూవో" అన్నది ముందే ఉన్న ఉచిత డ్రైవర్. ప్రస్తుతం మీరు వాడుతున్నది అదే.

ఎంచుకుని "అప్లై" నొక్కి, పూర్తయ్యేదాకా వేరే పని పెట్టుకోకండి. సెక్యూర్ బూట్ ఉంటే మధ్యలో ఒక పాస్‌వర్డ్ పెట్టమని అడగొచ్చు. ఎనిమిది అక్షరాలు ఉంటే చాలు. ఇంగ్లిష్ చిన్న అక్షరాలు, అంకెలు మాత్రమే వాడండి. దీన్ని అడిగే చోట మీ తెలుగు, ఒడియా కీబోర్డులు ఉండవు. ఒక్కసారే పనికొచ్చే పాస్‌వర్డ్ ఇది, కాగితం మీద రాసేసుకోండి.

ఇన్‌స్టాల్ మధ్యలో కరెంటు పోయి మిషన్ ఆగిపోతే, మళ్లీ ఆన్ చేశాక "సుడో డీపీకేజీ --కన్ఫిగర్ -ఏ" కొట్టండి. సగంలో ఉన్న పని అక్కడి నుంచి పూర్తవుతుంది.

5. రీస్టార్ట్ తర్వాత వచ్చే నీలి తెర

దీన్ని చూసి చాలామంది భయపడి పవర్ బటన్ నొక్కేస్తారు. అది ఎర్రర్ కాదు. "మీరు వేసిన డ్రైవర్‌ని నమ్మమంటారా?" అని మిషన్ అడుగుతోంది, అంతే.

కొద్ది సెకన్లలోపు ఏదో ఒక కీ నొక్కాలి, లేకపోతే అది తనంతట తాను దాటిపోతుంది. "ఎన్రోల్ ఎంఓకే" ఎంచుకోండి, తర్వాత "కంటిన్యూ", తర్వాత "యెస్". కాగితం మీది పాస్‌వర్డ్ కొట్టండి. టైప్ చేస్తుంటే ఏమీ కనపడదు, చుక్కలు కూడా రావు. చివరికి "రీబూట్".

తెర దాటిపోయిందా? టెన్షన్ వద్దు. లోపలికి వెళ్లి "సుడో అప్‌డేట్-సెక్యూర్‌బూట్-పాలసీ --ఎన్రోల్-కీ" కొడితే మళ్లీ పాస్‌వర్డ్ అడుగుతుంది. రీస్టార్ట్ చేస్తే నీలి తెర మళ్లీ వస్తుంది.

లోపలికి వచ్చాక "ఎన్‌విడియా-ఎస్ఎంఐ" కొట్టండి. కార్డు పేరు, డ్రైవర్ నంబరు ఉన్న పట్టిక వస్తే డ్రైవర్ కూర్చున్నట్టే. "డ్రైవర్‌తో మాట్లాడలేకపోయాను" అన్న అర్థం వచ్చే వాక్యం వస్తే, మొదట అనుమానించాల్సింది ఈ నీలి తెరనే.

6. మోడ్ ఎంచుకోవడం

"ప్రైమ్-సెలెక్ట్ క్వెరీ" అని కొడితే ఇప్పుడు ఏ మోడ్‌లో ఉందో చెప్తుంది. మూడు ఉంటాయి.

"ఎన్‌విడియా": పెద్ద కార్డే అన్నీ చేస్తుంది. లాప్‌టాప్ ఎప్పుడూ ప్లగ్‌లోనే ఉండే స్టూడియోవాళ్లకు సరే. మిగతావాళ్లకు వద్దు.

"ఇంటెల్": పెద్ద కార్డు పూర్తిగా బంద్. మీ ప్రాసెసర్ ఏఎండీది అయినా కమాండ్‌లో ఈ మాటే.

"ఆన్-డిమాండ్": పని పడినప్పుడే పెద్ద కార్డు. ట్యూరింగ్, ఆ తర్వాతి కార్డులున్న ప్రతి ఒక్కరికీ ఇదే నా సలహా. "సుడో ప్రైమ్-సెలెక్ట్ ఆన్-డిమాండ్" కొట్టి రీస్టార్ట్ చేయండి. మింట్‌లో కింద పట్టీలో ఎన్‌విడియా గుర్తు మీద నొక్కి కూడా మార్చుకోవచ్చు.

పాత మ్యాక్స్‌వెల్, పాస్కల్ కార్డులవాళ్లు మాత్రం వేరే పద్ధతి పెట్టుకోవాలి. క్లాసులు, నోట్సు, బస్సు ప్రయాణం ఉన్న రోజుల్లో "ఇంటెల్"లో ఉంచి, బ్లెండర్ పనో వీడియో ఎడిటింగో ఉన్నప్పుడు "ఆన్-డిమాండ్"కి మారండి. మారిన ప్రతిసారీ రీస్టార్ట్ తప్పదు. విసుగే, కానీ ఆ తరం కార్డుతో బ్యాటరీ నిలవాలంటే ఇదొక్కటే దారి.

7. ప్రోగ్రాంను పెద్ద కార్డు మీద నడపడం

ఆన్-డిమాండ్ పెట్టగానే గేమ్ పెద్ద కార్డు మీద నడవాలి కదా అనుకుంటారు. "కార్డు కదలడం లేదు" అన్న ఫోన్లలో ఎక్కువ ఇవే. ఆ మోడ్‌లో చాలా ప్రోగ్రాంలు చిన్న చిప్ మీదే మొదలవుతాయి. పెద్దది కావాలని మీరే చెప్పాలి.

ఉబుంటులో ప్రోగ్రాం గుర్తు మీద రైట్ క్లిక్ చేస్తే "లాంచ్ యూజింగ్ డిస్క్రీట్ గ్రాఫిక్స్ కార్డ్" అని ఉంటుంది. మింట్ మెనూలో "రన్ విత్ డెడికేటెడ్ జీపీయూ". స్టీమ్‌ను అలా తెరిస్తే దాని లోపలి గేమ్‌లన్నీ పెద్ద కార్డు మీదే నడుస్తాయి.

టెర్మినల్ నుంచి అయితే "స్విచరూసీటీఎల్ లాంచ్" అని కొట్టి, ఖాళీ వదిలి, ప్రోగ్రాం పేరు.

సరిచూసుకోవడానికి "మెసా-యూటిల్స్" ప్యాకేజీ వేసుకుని రెండుసార్లు నడపండి. మొదట "జీఎల్ఎక్స్‌ఇన్ఫో -బీ" ఒక్కటే, ఇక్కడ "బీ" మాత్రం పెద్ద అక్షరం. తర్వాత అదే కమాండ్ ముందు "స్విచరూసీటీఎల్ లాంచ్" చేర్చి. "రెండరర్" అన్న వరుసలో మొదటిసారి చిన్న చిప్ పేరు, రెండోసారి ఎన్‌విడియా పేరు రావాలి.

రెండు మినహాయింపులు. బ్లెండర్ రెండరింగ్‌కి కూడా కార్డు వాడుకోవాలంటే, దాని ప్రిఫరెన్సెస్‌లో సిస్టమ్ విభాగానికి వెళ్లి "సీయూడీఏ" లేదా "ఆప్టిక్స్" కింద కార్డుకు టిక్ పెట్టాలి. అలా పెడితే రైట్ క్లిక్‌తో తెరవకపోయినా రెండర్ ఎన్‌విడియా మీదే జరుగుతుంది. ఫ్లాట్‌పాక్‌గా (సిస్టమ్ నుంచి విడిగా ఉండే ప్యాకేజీ రూపంలో) వేసిన ప్రోగ్రాంలకు వాటి సొంత ఎన్‌విడియా భాగం ఉంటుంది, అది మీ డ్రైవర్ నంబరుతో కచ్చితంగా సరిపోవాలి. డ్రైవర్ మారిన ప్రతిసారీ "ఫ్లాట్‌పాక్ అప్‌డేట్" నడపండి.

8. కార్డు నిజంగా పడుకుంటోందా?

ఇక్కడిదాకా వచ్చినవాళ్లలో సగం మంది ఆగిపోతారు. బ్యాటరీ కథ మొదలయ్యేది ఇక్కడే. మేలుకుని ఉన్న కార్డు, పనేమీ లేకపోయినా కొన్ని వాట్లు తింటూనే ఉంటుంది. రాయగడలో వానాకాలం సాయంత్రం కరెంటు పోయినప్పుడు ఆ కొన్ని వాట్లే తేడా.

పడుకుందా లేదా అని చూడటానికి "ఎన్‌విడియా-ఎస్ఎంఐ" వాడకండి. చూడటానికి వెళ్లినప్పుడు అదే కార్డును లేపుతుంది, లేచిన కార్డును మీకు చూపిస్తుంది. ఎన్నిసార్లు చూసినా మేలుకునే కనిపిస్తుంది.

సరైన చోటు ఇది. ఫైల్ మేనేజర్ తెరిచి "అదర్ లొకేషన్స్" లేదా "ఫైల్ సిస్టమ్"లోకి వెళ్లండి. అక్కడి నుంచి "సిస్", "బస్", "పీసీఐ", "డివైసెస్" ఫోల్డర్లు ఒక్కోటీ దాటుకుంటూ వెళ్తే అంకెల ఫోల్డర్లు వస్తాయి. మీరు రాసుకున్న అంకె ముందు సున్నాలతో 0000:01:00.0 అని ఉంటుంది. దాని లోపల "పవర్", అందులో "రన్‌టైమ్_స్టేటస్" అనే ఫైల్. ప్రోగ్రాంలన్నీ మూసేసి, ఒక నిమిషం ఆగి తెరవండి. "సస్పెండెడ్" అని ఉంటే కార్డు పడుకుంది. "యాక్టివ్" అని ఉంటే ఎవరో లేపి ఉంచుతున్నారు.

ఎవరు? ఈ వరుసలో చూడండి:

- హెచ్‌డీఎంఐ తీగ పెట్టి ఉందా? చాలా లాప్‌టాప్‌లలో ఆ పోర్టు నేరుగా పెద్ద కార్డుకే కలిపి ఉంటుంది. మానిటర్ పెట్టినంతసేపూ కార్డు పడుకోదు, పడుకోకూడదు కూడా.
- డెస్క్‌టాప్ మీద ఉష్ణోగ్రత, జీపీయూ వాడకం చూపించే విడ్జెట్ పెట్టుకున్నారా? అది కొన్ని సెకన్లకోసారి కార్డును తట్టి లేపుతుంది. తీసేయండి.
- స్టీమ్, ఓబీఎస్ లాంటివి పక్కన ఇంకా నడుస్తున్నాయా?
- కార్డుతో పాటు వచ్చే సౌండ్ భాగం మేలుకుని ఉందా? అదే చోట 0000:01:00.1 ఫోల్డర్‌లో చూడండి. అది యాక్టివ్‌గా ఉంటే కార్డుకూ నిద్ర ఉండదు. దాని "పవర్"లోని "కంట్రోల్" ఫైల్‌లో "ఆన్"కి బదులు "ఆటో" ఉండాలి. టీఎల్‌పీ (బ్యాటరీ పొదుపు ప్రోగ్రాం) వాడేవాళ్లు దాని సెట్టింగులు కూడా చూసుకోవాలి.

ఎన్‌విడియా-ఎస్ఎంఐ పట్టికలో కింద "ఎక్స్‌ఆర్గ్" పేరుతో నాలుగు ఎంబీ వాడకం కనిపిస్తే కంగారు పడొద్దు. అది మామూలే, నిద్రకు అడ్డు కాదు.

చివరి పరీక్షగా ఛార్జర్ తీసి, రెండు నిమిషాలు ఆగి "సుడో పవర్‌టాప్" నడపండి (ముందే ఇన్‌స్టాల్ చేసుకోండి). బ్యాటరీ ఎన్ని వాట్లు ఇస్తోందో పైన చూపిస్తుంది. "ఇంటెల్" మోడ్‌లో వచ్చే అంకెకూ "ఆన్-డిమాండ్"లో వచ్చే అంకెకూ పెద్ద తేడా లేకపోతే మీ పని అయినట్టే.

9. తరచూ వచ్చే తంటాలు

డ్రైవర్ వేశాక నల్ల తెర. ఆన్ చేసేటప్పుడు ఎస్కేప్ లేదా షిఫ్ట్ పట్టుకుంటే గ్రబ్ మెనూ (ఏ కెర్నల్‌తో మొదలవాలో ఎంచుకునే జాబితా) వస్తుంది. మొదటి వరుస మీద "ఈ" నొక్కి, "లినక్స్" అని మొదలయ్యే వరుసలో "క్వైట్ స్ప్లాష్" తర్వాత ఖాళీ వదిలి "నోమోడ్‌సెట్" చేర్చి ఎఫ్10 నొక్కండి. ఇది ఆ ఒక్కసారికే. లోపలికి వెళ్లాక డ్రైవర్ మేనేజర్‌లో నూవో ఎంచుకుని రీస్టార్ట్ చేసి, ఇంకో నంబరు డ్రైవర్‌తో నాలుగో మెట్టు నుంచి మళ్లీ చేయండి.

అప్‌డేట్ తర్వాత నిన్నటిదాకా నడిచింది ఆగిపోయింది. కెర్నల్ మారి డ్రైవర్ దానికి తయారు కాకపోవడం దీనికి మామూలు కారణం. గ్రబ్ మెనూలో "అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్"లో పాత కెర్నల్ ఎంచుకుని లోపలికి వెళ్లి, మిగిలిన అప్‌డేట్‌లు పూర్తిచేయండి. అందుకే పాత కెర్నల్ ఒకటి ఎప్పుడూ ఉంచుకోవాలి.

కాలేజీ సెమినార్‌లో ప్రొజెక్టర్ పనిచేయలేదు. "ఇంటెల్" మోడ్‌లో ఉండి ఉంటారు. హెచ్‌డీఎంఐ పెద్ద కార్డుకు కలిపి ఉన్న మిషన్‌లో ఆ మోడ్‌లో పోర్టుకు ప్రాణం ఉండదు. సెమినార్ ఉన్న ముందు రోజు రాత్రే ఆన్-డిమాండ్‌కి మార్చుకోండి.

మూత మూసి తెరిస్తే తెర పాడైంది. "సుడో సిస్టమ్‌సీటీఎల్ ఎనేబుల్" తర్వాత "ఎన్‌విడియా-సస్పెండ్", "ఎన్‌విడియా-రెజ్యూమ్", "ఎన్‌విడియా-హైబర్నేట్" మూడూ ఖాళీలతో వరుసగా కొట్టి రీస్టార్ట్ చేయండి.

అన్నీ సరిగ్గానే ఉన్నా గేమ్ నత్తనడక. ఛార్జర్ చూడండి. సెకండ్ హ్యాండ్ మిషన్‌కి బజారులో కొన్న తక్కువ వాట్ల ఛార్జర్ పెడితే లాప్‌టాప్ కార్డు వేగాన్ని తనే తగ్గించేస్తుంది. అడుగున ఉన్న చీటీ మీద ఎన్ని వాట్లో చూసి అంతది కొనండి.

10. పెద్ద కార్డు కూడా ఏఎండీదే అయితే

పై తతంగంలో చాలా భాగం మీకు అక్కర్లేదు. డ్రైవర్ కెర్నల్‌లోనే ఉంటుంది, నీలి తెర రాదు, ప్రైమ్-సెలెక్ట్ లేదు. ఏడో మెట్టులోని రైట్ క్లిక్ పద్ధతి, స్విచరూసీటీఎల్ అలాగే పనిచేస్తాయి. ఎనిమిదో మెట్టు మాత్రం మీరూ చేయాలి, విడ్జెట్‌లు ఈ కార్డులనూ లేపుతాయి.